మధ్యాహ్నం ఒంటిగంటకి నెమ్మదించే నెట్

దెయ్యాల ప్రస్తావన వస్తే నేను లేచి బయటికి వెళ్లి టీ తాగి వచ్చే రకం. భయంతో కాదు, విసుగుతో. కంప్యూటర్లు బాగుచేయడం నా పని. పాడైన ప్రతిదానికీ ఒక కారణం ఉంటుంది, అది దొరకలేదంటే మనం సరిగ్గా వెతకలేదన్నమాట. ఇన్నేళ్లుగా ఇదే నమ్మకంతో బతుకుతున్నాను. ఈ ఒక్క సంగతి మాత్రం ఆ నమ్మకంలో ఇమడలేదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది రాయగడ. తాతగారి కాలంలో బొబ్బిలి వైపు నుంచి వచ్చి స్థిరపడ్డాం. బజారులో నాకో చిన్న కంప్యూటర్ షాపు ఉంది. కొరాపుట్‌లో మా అమ్మ తరఫు బంధువు రామ్మూర్తి బాబాయి చింతపండు, పిప్పళ్లు టోకున అమ్మే వ్యాపారం చేసేవాడు. ముందు గదిలో దుకాణం, వెనక ఇల్లు. ఆయనకీ పిన్నికీ ఒక్కతే కూతురు, రేవతి. పుట్టుకతోనే వినపడదు, మాట రాదు.

వాళ్లు ముగ్గురూ సైగలతో తమకంటూ ఒక భాష తయారు చేసుకున్నారు. ఏ బళ్లోనూ నేర్పేది కాదు. బొట్టు పెట్టుకునే చోట తాకితే అమ్మ. పైపెదవి మీద మీసంలా గీస్తే నాన్న. ఎడమ అరచేతిలో కుడిచేతి వేళ్లతో అన్నం కలిపినట్టు తిప్పి కనుబొమలు ఎగరేస్తే, తిన్నావా అని. ఆ ఇంటికి వెళ్లివస్తూ ఈ మూడూ నేనూ నేర్చుకున్నాను. మిగతావి నాకు తెలియవు.

రేవతికి బరంపురం సంబంధం కుదిరింది. అల్లుడు బధిరుల పాఠశాలలో టీచరు, అతనికీ వినపడదు. మాట్లాడే ఫోను వాళ్లకి ఎందుకూ పనికిరాదు. కొరాపుట్‌కి బ్రాడ్‌బ్యాండ్ వచ్చిన కొత్తలో బాబాయి నన్ను పిలిపించి కంప్యూటరూ కెమెరా పెట్టించుకున్నాడు. ఫోను లైను దుకాణంలోకి వస్తుంది, కంప్యూటర్ ఉండేది నడవలో. మధ్య గోడ మూరెడు మందం. కన్నం కొట్టడానికి పిన్ని ఒప్పుకోలేదు. అందుకని దుకాణంలో రౌటర్ పెట్టి, కంప్యూటర్‌లో వైర్‌లెస్ కార్డు వేశాను. రోజూ ఒంటిగంటకి బాబాయి దుకాణం నుంచి లోపలికి వచ్చి, కాళ్లు కడుక్కుని, కూతురితో చేతులతో మాట్లాడేవాడు.

మాఘమాసంలో ఆయన పోయాడు. దుకాణంలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే. తర్వాత తొలకరిలో పడ్డ పిడుగుకి ఆ కంప్యూటర్ కాలిపోయింది. దాన్ని నేనే రాయగడ తెచ్చేశాను. పెట్టె పాత సామాన్లవాడికి పోయింది. వైర్‌లెస్ కార్డు మాత్రం పనికొస్తుందేమోనని ఊడదీసి, కవర్లో చుట్టి, నా బల్ల సొరుగులో పడేశాను. పిన్నికి ఒక లాప్‌టాప్ ఇచ్చి వచ్చాను.

శ్రావణంలో పిన్ని ఫోన్ చేసింది.

"నెట్టు పాడైపోనాది సూర్యం. మొదట బాగానే వస్తాది. వస్తూ వస్తూ మా అమ్మి బొమ్మలాగ ఆగిపోతోంది. సేతులు ఆగిపోతే అదేటి సెబుతోందో నాకెలా తెలుస్తాది?"

అప్పటికి రేవతికి ఐదో నెల. తండ్రి పోయాక సరిగ్గా తిండి తినడం లేదు. బరువు పెరగాల్సింది పోయి తగ్గుతోందని డాక్టరమ్మ కోప్పడింది. ఘాట్ రోడ్డు ప్రయాణం వద్దంది. పిన్ని వెళదామంటే ఏడాది తిరిగే దాకా గడప దాటకూడదన్నారు పెద్దలు. పిన్నికి చదువు రాదు, ఆ కెమెరా తప్ప తల్లీకూతుళ్లకి ఇంకో దారి లేదు.

రైల్లో బయల్దేరాను. రాయగడ నుంచి కొరాపుట్ దాకా సొరంగాలే సొరంగాలు. ఒక్కో సొరంగం దాటి బయటపడ్డప్పుడల్లా మబ్బు కిటికీలోంచి లోపలికి వచ్చేది. కొండలు ఉన్నాయని తెలుస్తుంది, కనపడవు. కొరాపుట్‌లో దిగేసరికి ఊరంతా పాలలో ముంచి తీసినట్టు ఉంది.

అన్నీ చూశాను. ఫోను లైను అతుకులు కోసి కొత్తగా వేశాను. రౌటర్ వేడెక్కుతోందేమోనని చింతపండు బుట్టల పక్క నుంచి తీసి గోడకి బిగించాను. ఛానల్ మార్చాను. లాప్‌టాప్‌లో వైరస్ లేదు. బాగానే పనిచేసింది. తిరిగి వచ్చేశాను.

మూడో రోజుకి మళ్లీ మొదలైంది. ఒంటిగంటకి తగ్గడం మొదలై, పావు గంటకి బొమ్మ తునకలై, ఒంటిగంటన్నరకి పూర్తిగా ఆగిపోతుంది. రెండు గంటలకి దానంతట అదే సర్దుకుంటుంది. రౌటర్ ఆపి మళ్లీ వేస్తే పది నిమిషాలు బాగుంటుంది, ఆ తర్వాత షరా మామూలే. ఫోన్లో పిన్నికి చెప్పి అడాప్టర్ మార్పించాను. కొత్త మోడెమ్ పంపించాను. లాభం లేదు.

రెండోసారి వెళ్లినప్పుడు ఏదీ ముట్టుకోకుండా ఒంటిగంట దాకా కూర్చున్నాను. రౌటర్‌కి ఎవరెవరు కలిశారో చూపించే పేజీ ఒకటి ఉంటుంది. దాన్ని నా లాప్‌టాప్‌లో తెరిచి పెట్టుకున్నాను. పన్నెండున్నరకి ఉన్నవి రెండే, పిన్నిదీ నాదీ. ఒంటిగంట దాటగానే మూడోది వచ్చి చేరింది. పేరు లేదు. ప్రతి వైర్‌లెస్ కార్డుకీ పుట్టుకతో వచ్చే పన్నెండు అక్షరాల నెంబరు ఉంటుంది, అది మాత్రం ఉంది. రౌటర్ దీపం ఆగకుండా కొట్టుకుంటోంది. అంటే ఇక్కణ్ణించి అవతలికి ఏదో విపరీతంగా వెళుతోంది. రావడం కాదు, వెళ్లడం.

ఎవరో పక్కవాళ్లు వాడుకుంటున్నారని నవ్వుకున్నాను. రౌటర్‌ని రీసెట్ చేసి, కొత్త పాస్‌వర్డ్ పెట్టాను. అది పిన్నికి కూడా చెప్పలేదు, రెండు లాప్‌టాప్‌లలోనూ నేనే కొట్టాను. ఐదు నిమిషాల్లో ఆ నెంబరు మళ్లీ వచ్చింది.

ఈలోగా పిన్ని తెరలో రేవతి బొమ్మ ఆగుతూ కదులుతూ ఉంది. పిన్ని చేతులు తిప్పి ఏదో అడుగుతోంది. ఆ పిల్ల చూపు తల్లి మీద లేదు. తెరలోనే, కాస్త పక్కకి చూస్తోంది. కాసేపు అలాగే చూసి, చిన్నగా నవ్వి, పైపెదవి మీద వేలితో గీసింది. తర్వాత నోటి దగ్గర చెయ్యి పెట్టి ఇంకేవో సైగలు చేసింది.

పిన్ని చేతులు ఒళ్లో పడిపోయాయి.

"ఎవులితోటి మాటాడతందిది? తిన్నాను నాన్నా, పప్పూ వంకాయా, అంటోంది."

నేను పిన్ని పక్కకి చూశాను. ఖాళీ చాప, దాని వెనక దేవుడి గది తలుపు. అంతే. నాకేమీ కనపడలేదని ఇక్కడ స్పష్టంగా చెప్పాలి. చల్లగాలి రాలేదు, వాసన రాలేదు. నడవలోకి వచ్చిన మబ్బు తప్ప అక్కడ ఏమీ లేదు.

దిగులుతో పిల్లకి భ్రమ పడుతోందని పిన్ని భయపడింది. నేనూ అలాగే అనుకున్నాను. ఆ నెంబరు కాగితం మీద రాసుకుని, రౌటర్‌లో దాన్ని రానివ్వకుండా కట్టేశాను. నెట్ ఒక్కసారిగా తేరుకుంది. రేవతి మొహం అద్దంలో చూసినంత తేటగా వచ్చింది. కళ్లకింద నలుపు కూడా కనిపించింది. పిన్ని తెర మీద చెయ్యి వేసి నిమిరింది. రేవతి మాత్రం తెరకి ఈ చివర నుంచి ఆ చివరకి వెతికినట్టు చూసి, లేచి వెళ్లిపోయింది.

రాయగడ వచ్చాక, చేసిన పని నోటు పుస్తకంలో ఎక్కిస్తుంటే ఆ నెంబరు ఎక్కడో చూసినట్టు అనిపించింది. చాలా పేజీలు వెనక్కి తిప్పాను. కొరాపుట్‌లో మొదట వేసిన కార్డు నెంబరు. నా చేతిరాతే. సొరుగు తీసి, కవరు విప్పి, కార్డు వెనక అంటించిన చీటీ చూశాను. పన్నెండు అక్షరాలూ అవే. దాన్ని మూడు కంప్యూటర్లలో వేసి చూశాను. పిడుగుకి అదీ పోయింది. దీపం కూడా వెలగలేదు.

ఒక కార్డు నెంబరుని ఇంకొకరు దొంగిలించి వాడొచ్చు. అది నాకు తెలుసు. కొరాపుట్‌లో ఆ పని ఎవరు చేస్తారు, ఎందుకు చేస్తారు, పాస్‌వర్డ్ ఎలా తెలిసింది అనేదే తెలియలేదు.

నాలుగో రోజు అల్లుడి నుంచి నా మొబైల్‌కి మెసేజ్ వచ్చింది. రేవతి కెమెరా దగ్గరికి రానంటోందట. నెల రోజులుగా మధ్యాహ్నం పూట కాస్త కడుపునిండా తింటోందని సంతోషపడ్డాడట, ఇప్పుడు మళ్లీ ముద్ద ముట్టడం లేదట. మీరు అక్కడ ఏమైనా మార్చారా అని అడిగాడు.

ఆ మెసేజ్ పిన్నికి చదివి వినిపించడానికి ఫోనులో నోరు రాలేదు. మర్నాడు పొద్దున్నే రైలెక్కాను. కార్డు చొక్కా జేబులో పెట్టుకున్నాను. సొరంగాల్లో చీకటి పడినప్పుడల్లా జేబు తడుముకోవడం గుర్తుంది.

పిన్నికి అంతా చెప్పాను, కార్డు చూపించాను. ఆమె దాన్ని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"నెల్లాళ్లూ తిన్నాదా?" అంది.

"తిన్నదట పిన్నీ."

"అయితే ఆ కట్టు తీసీ నాయనా."

"తీస్తే మళ్లీ రేవతి మొహం కనపడదు నీకు. ఆలోచించుకో."

"నాకవుపడకపోతే ఏటి? అది తింటాది కదా."

కార్డు తిరిగి నా జేబులో వేసుకుని, కట్టు తీసేశాను. అల్లుడికి మెసేజ్ పెట్టాను, ఒంటిగంటకి రేవతిని కూర్చోబెట్టమని. ఒంటిగంట దాటి మూడు నిమిషాలకి ఆ నెంబరు పేజీలో ప్రత్యక్షమైంది. కార్డు నా గుండెల మీద ఉంది. మా తెర నెమ్మదించింది. రేవతి తల పక్కకి తిప్పడం, పైపెదవి మీద వేలు గీయడం వరకు చూశాం. అక్కడ బొమ్మ ఆగిపోయింది. ఆగిన ఆ మొహాన్నే పిన్ని అరగంట సేపు చూస్తూ కూర్చుంది.

తర్వాత నాలుగు నెలలు పిన్ని నన్ను బాగుచేయమని పిలవలేదు. రోజూ ఒంటిగంటకి ఆగిపోయే బొమ్మ ముందు కూర్చునేదట. రేవతి బరువు పెరిగింది. పుష్యమాసంలో ఆడపిల్ల పుట్టింది, తల్లీపిల్లా క్షేమం. ఆ రోజు నుంచి నెట్ నెమ్మదించలేదు. నేను వెళ్లి మూడు మధ్యాహ్నాలు కాపలా కాశాను. ఆ నెంబరు మళ్లీ రాలేదు.

బాబాయి పోయి ఏడాది తిరిగాక రేవతి పాపని తీసుకుని కొరాపుట్ వచ్చింది. చూడ్డానికి వెళ్లాను. ఎన్నాళ్లుగానో మనసులో ఉన్నది ఒక కాగితం మీద రాసి ఇచ్చాను, ఏమనేవాడు అని. ఆమె తెలుగు చదవగలదు. తడబడకుండా రాసి ఇచ్చింది.

"రోజూ ఒకటే. తిన్నావా అని. ఇంకేమీ అడగలేదు. నొప్పులొచ్చిన రోజు మాత్రం అడగలేదు. కంచం ముందు కూర్చుని తను తింటున్నాడు."

నేను దాన్ని పిన్నికి చదివి వినిపించాను. పిన్ని పాపని ఒళ్లోంచి దింపి చాప మీద పడుకోబెట్టింది. తర్వాత కూతురి వైపు తిరిగి చేతులతో ఏదో అడిగింది. నా కోసం నోటితో కూడా అంది.

"ఏం కూర?"

రేవతి జవాబు చెప్పింది. పొడుగైన జవాబు. ఆ సైగలు నాకు తెలియనివి. పిన్ని కళ్లు తుడుచుకోలేదు, నవ్వలేదు. లేచి వంటింట్లోకి వెళ్లి పొయ్యి వెలిగించింది.

ఆ జవాబు ఏమిటో నేను అడగలేదు. కార్డు ఎలా కలిసిందో చెప్పలేను. పెద్ద పెద్ద కంపెనీల్లో నెట్‌వర్కులు చూసే స్నేహితులకి ఈ సంగతి చెప్పి చూశాను, వాళ్లూ చెప్పలేకపోయారు. ఆ మధ్యాహ్నం పిన్ని మా ముగ్గురికీ వడ్డించింది. నాలుగో కంచం కూడా వేసింది. ఎవరికని మేమెవరమూ అడగలేదు.