చల్లదనం ఎక్కడికి పోతోంది

మా కారులో ఏసీ చెడిపోయిన వేసవిలోనే అమ్మకి కీమో మొదలైంది. ఈ రెండింట్లో నాన్నకి రిపేరు తెలిసింది ఒక్కదానికే. అందుకని దాని మీద పడ్డాడు.

నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఏసీ పెట్టెల ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. "నలభై ఆరు మందిని ఢిల్లీ దాకా చల్లగా పంపినోణ్ణి. ఒక్క మనిషిని ఆస్పత్రి దాకా పంపలేనా?" అన్నాడు. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. ఉష్ణగతిశాస్త్రంలో నాకు మంచి మార్కులే వచ్చాయి. బానెట్ ఎత్తాక ఆ చదువంతా టార్చిలైటు పట్టుకోవడానికి చక్కగా పనికొచ్చింది.

ఆస్పత్రి గంట దూరం. మూడు వారాలకోసారి, బంద్ లేని రోజు చూసుకుని వెళ్ళాలి. మందు ఎక్కించుకుని బయటికొచ్చాక అమ్మకి ఏ వాసనా పడేది కాదు. కారు అద్దాలు దించితే డీజిలు పొగకి కడుపులో తిప్పేది. ఎత్తితే మే నెల. మొదటిసారి ఏసీ టాక్సీ పిలిచాం. అందులో అద్దానికి మల్లెపూల సెంటు డబ్బా వేలాడుతోంది. బోయిన్‌పల్లి దాటకుండానే దిగిపోదామంది. "మన కారే నయం. ఉడికిపోయినా మన వాసనే" అంది.

నాన్నది వర్క్‌షాపు పద్ధతి. పరీక్షించిన ప్రతి భాగం మీదా సుద్దముక్కతో టిక్కు పెట్టి తారీఖు వేస్తాడు. ఒకసారి టిక్కు పడిందంటే ఆ భాగం నిర్దోషి, ఇక దాని జోలికి ఎవరూ వెళ్ళకూడదు. ఫ్యూజు చూశాడు, టిక్కు. బెల్టు, టిక్కు. స్విచ్చి వేయగానే కంప్రెసరు టక్కుమని పట్టుకుంటోంది, దానికీ టిక్కు. గొట్టాల అతుకుల మీద సబ్బు నురగ రాసి, గ్యాసు కారుతుంటే బుడగలొస్తాయని ఇద్దరం వంగి చూశాం. చర్చిలో మౌన ప్రార్థనప్పుడు కూడా మేమంత బుద్ధిగా ఉండలేదు. ఒక్క బుడగా రాలేదు.

చిత్రమేమిటంటే, ఇంజను వైపు నుంచి కారు లోపలికి పోయే గొట్టం మంచులా ఉండేది. చెమట పట్టి బొట్లు బొట్లుగా కారేది. లోపల ముఖానికి తగిలే గాలి మాత్రం గోరువెచ్చన. నాన్న రోజూ పొద్దున ఎండ గోడ దిగేలోగా ఆ గొట్టాన్ని నాడి చూస్తున్నట్టు పట్టుకుని నిలబడేవాడు.

"చల్లదనం పుడుతోంది రా. ఎక్కడికి పోతోంది?"

"శక్తి నశించదు నాన్నా. ఎక్కడో ఉండే ఉంటుంది."

"నువ్వు టార్చి సరిగ్గా పట్టు."

తలకి స్కార్ఫు కట్టుకుని వరండాలో కూర్చున్న అమ్మ ఇదంతా వినేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగింది.

"ఏవండీ, జబ్బు నాకా, దానికా?"

"దానికైతే నయమవుద్దిలే" అన్నాడు నాన్న గబుక్కున. అన్నాక సుద్దముక్క జేబులో వేసుకున్నాడు. అమ్మే లేచి ఆయనకి మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

చివరికి నేనే బోయిగూడ నుంచి ఒక మెకానిక్‌ని తీసుకొచ్చాను. మీటరు తగిలించి చూశాడు.

"గ్యాస్ మంచిగనే ఉంది సార్. మీరు బాహర్ అంతా చూసిండ్రు, లోపల చూడలే. జెర డాష్‌బోర్డ్ ఇప్పాలె."

"అక్కడ మిషనేం ఉందయ్యా? మిషనంతా ఇక్కడుంటే!" అన్నాడు నాన్న.

"గాలి అక్కడ్నుంచే కదా సార్ వచ్చేది. ఊకె పరేషాన్ అయితున్రు. ఒక్క పూట పని."

నాన్న వద్దన్నాడు. ఆయన ముప్పై ఏళ్ళ సర్వీసులో జబ్బు ఎప్పుడూ మిషన్లోనే ఉండేది, గాలి దారిలో ఉండేది కాదు. అదొక్కటే కాదు. బానెట్ కింద నాన్న రాజ్యమైతే డాష్‌బోర్డు అమ్మ ఇలాకా. అక్కడ ఆమె చిన్న కొత్త నిబంధన పుస్తకం, కళ్ళజోడు డబ్బా, ముందద్దానికి ఆనించి ఈతాకు సిలువ ఉండేవి. ఈస్టరుకి ముందొచ్చే మట్టల ఆదివారం చర్చిలో ఇచ్చిన ఆకుని ఇంటికొచ్చేలోగా కారులోనే మడిచి సిలువ చేసి అక్కడ నిలబెట్టేది. ఏటా కొన్నాళ్ళకి అది మాయమయ్యేది. సర్వీసింగువాళ్ళు పట్టుకుపోతున్నారని ఆమె నమ్మకం. "పోనీలే, వాళ్ళింటికీ ఆశీర్వాదమే" అని మరుసటేడు ఇంకోటి పెట్టేది. ఆమె సర్దుకున్న చోటుని ఆ ఏడు కదపడానికి మా ఇద్దరికీ చేతులు రాలేదు.

అలా ఇంకో రెండు ప్రయాణాలు ఉడుకులోనే చేశాం. తడి తువ్వాలు అమ్మ మెడకి చుట్టి, పరీక్ష అట్టతో నేను విసురుతూ కూర్చున్నాను. "ఫ్యానుకి కరెంటు కోత లేదు, అదే మేలు" అంది అమ్మ రెండోసారి. మూడోసారి తిరిగొస్తున్నప్పుడు కళ్ళు మూసుకునే ఉంది. దారంతా నాన్న హారన్ కొట్టలేదు.

మర్నాడు పొద్దున్నే డాష్‌బోర్డు విప్పాడు.

కారు లోపల వేడి గాలికీ చల్లగాలికీ మధ్య అట్టముక్కంత తలుపు ఒకటుంటుంది. చల్లదనం కావాలంటే అది వేడి వైపు పూర్తిగా మూసుకోవాలి. మాది మూసుకోవడం లేదు. సందులో ఆ ఏటి ఈతాకు సిలువ ఇరుక్కుని ఉంది, ఇంకా కాస్త పచ్చగానే. దాని కింద మరో ఐదు, ఎండిపోయి, వరసగా. కారు కొన్నప్పటి నుంచి ముందద్దం అంచున ఉన్న సందులోంచి ఏటా ఒకటి జారి లోపల పడింది. మొదటి ఐదూ ఓ పక్కన ఒదిగి ఉన్నాయి. ఆరోదానికి చోటు దొరకలేదు.

నాన్న వాటిని ఒక్కొక్కటే తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అమ్మకి చెప్పకు."

ఆరింటినీ మెత్తటి గుడ్డలో చుట్టి తన పనిముట్ల పెట్టెలో అడుగున పెట్టాడు.

"ఏమైందటండీ దానికి?" అని అమ్మ వరండాలోంచి అడిగింది.

"గ్యాసు" అన్నాడు నాన్న. రిపేరు విషయంలో ఆయన అబద్ధం చెప్పడం నేను వినడం అదే మొదలు.

నాలుగో ప్రయాణం నాటికి జూన్ చివరికొచ్చింది. సన్నగా జల్లు. ఏసీ వేస్తే రైల్లో పై బెర్తు మీద కొట్టినట్టు కొట్టింది గాలి. నాన్న అద్దంలోంచి వెనక్కి చూస్తున్నాడు, పరీక్ష రాసి ఫలితం కోసం నిలబడ్డవాడిలా.

"ఎలా ఉంది?"

"చాలా బాగుందండీ" అంది అమ్మ. అప్పటికి ఆమె ఒంట్లో సగం మనిషి మిగిలింది. మణికట్టుకి గాజులు నిలవక తీసేసింది. బోయిన్‌పల్లి దగ్గర పడుతుండగా చిన్నగా అంది. "ఏవండీ, మరోలా అనుకోకండి. చలేస్తోంది. కాస్త ఆపుతారా?"

నాన్న ఆపేశాడు. నేను దుప్పటి కప్పాను. వాచీ చూడకుండా ఉండాల్సింది, చూశాను. మా ఏసీ పదకొండు నిమిషాలు నడిచింది. తర్వాతి ప్రయాణాల్లో దాని అవసరం రాలేదు. వానలు వెలిసేలోగా ఆస్పత్రి అవసరమూ తీరిపోయింది.

తర్వాతి ఏడు మట్టల ఆదివారం నాన్న చర్చి నుంచి బయటికొచ్చి కారులో కూర్చుని ఈతాకు మడవడం మొదలుపెట్టాడు. ఆయనకి రాదు. నాకూ రాదు. అరగంట కుస్తీ పట్టాక రెండు రైలు పెట్టెల్ని కలిపే కొక్కెంలాంటిదొకటి తయారైంది. దాన్ని ముందద్దానికి ఆనించి, సరిగ్గా ఆ సందు పక్కనే నిలబెట్టాడు.

"నాన్నా, అది మళ్ళీ లోపల పడుతుంది."

"పడనీరా."

అద్దాలు దించి బండి తీశాడు.