తనంతట తానే నడిచింది

కంగారులో చెప్పిన ఒక అబద్ధం ఎదుటి మనిషికి సంతోషమైపోతే, దాన్ని సరిదిద్దాలా, వదిలేయాలా?

ఏడేళ్ళుగా ఈ ప్రశ్న నాతోనే ఉంది.

నిన్న పొద్దున ఇక్కడ సిడ్నీలో, బ్లాక్‌టౌన్ స్టేషన్‌లో నిలబడి ఉండగా క్లబ్ వాట్సాప్ గ్రూప్‌లో మెసేజ్. మా పిల్లల క్రికెట్ కోచ్ డెక్లన్ గారు పోయారు. నిద్రలోనే.

రెండు ట్రైన్లు వదిలేశాను.

మేముండే ద పాండ్స్‌లో మా అమ్మాయిలకు బ్యాట్ పట్టుకోవడం నేర్పిన ఈ పెద్దాయన ఒకప్పుడు ఐర్లాండ్ జట్టుకు ఆడారని మొదట్లో మాకెవరికీ తెలియదు. ఆరో నంబర్‌లో బ్యాటింగ్, మీడియం పేస్ బౌలింగ్. వారమంతా స్కూల్లో జాగ్రఫీ చెప్పి, సెలవు పెట్టుకుని దేశానికి ఆడిన ఆల్‌రౌండర్.

"రెండు పనులూ వచ్చు, రెండూ అంతంతమాత్రమే" అని తన మీద తనే జోకులేసుకునేవారు. నా పులిహోర డబ్బా తెరిస్తే మాత్రం పిల్లలందరికంటే ముందు పరిగెత్తుకొచ్చేవారు.

ఒకసారి క్లబ్ బార్బెక్యూ పార్టీలో తన ఆఖరి మ్యాచ్ సంగతి నాకు చెప్పారు.

వరల్డ్ కప్‌కు వెళ్ళాలంటే గెలవాల్సిన మ్యాచ్. బంతి ఈయన బ్యాట్ అంచుకు తగిలి కీపర్ చేతిలో పడింది. అంపైర్‌కు వినపడలేదు, ఔటివ్వలేదు. ఈయనే పెవిలియన్‌కు నడిచి వెళ్ళిపోయారు.

ఐర్లాండ్ ఓడిపోయింది. ఈయనకు మళ్ళీ పిలుపు రాలేదు.

"అవతలి జట్టు మొత్తం షేక్‌హ్యాండ్ ఇచ్చింది. నాకు మాత్రం మావాళ్ళు పదిమంది మొహాలే గుర్తున్నాయి. పిల్లలకు ఇది చెప్పకండి, ప్లీజ్. అలాంటి రోజు వస్తే వాళ్ళకు వాళ్ళే తేల్చుకోవాలి" అన్నారు.

నేను చెప్పాను.

అండర్-14 ఫైనల్‌కు వెళ్తూ, కారులో, మా మేఘనకు. ఏది విన్నా నీతికథ చేసి పిల్లల చేత తాగించేయడం మన అమ్మలకున్న జబ్బు కదా.

జూనియర్ మ్యాచ్‌ల్లో బ్యాటింగ్ జట్టు పేరెంట్సే అంపైర్లు. ఆ రోజు మా ఆయన నిలబడ్డారు. గెలవడానికి ఇంకా తొమ్మిది పరుగులు. మేఘన ఆడిన బంతిని కీపర్ పట్టుకుని గట్టిగా అరిచింది. మా ఆయన తల అడ్డంగా ఊపారు.

మేఘన ఒక్క క్షణం ఆగింది. గ్లవ్స్ విప్పుకుంటూ వచ్చేసింది.

ఓడిపోయాం.

"నేను నాటౌట్ అన్నాక నువ్వెందుకు వచ్చేశావే?" మా ఆయన గోల.

"డాడ్, ఐ హిట్ ఇట్!"

"అది చెప్పాల్సింది నువ్వు కాదు. అంపైర్ని నేను!"

నేను స్కోర్‌బుక్ సర్దుతుంటే డెక్లన్ గారు వచ్చారు. మొహం పాలిపోయి ఉంది.

"నా సంగతి తనకు తెలుసా?"

"లేదు" అన్నాను. ఆలోచించలేదు, నోట్లోంచి వచ్చేసింది.

ఆయన మొహం అలా వెలగడం అంతకుముందెప్పుడూ చూడలేదు. "అయితే తనంతట తానే నడిచింది!"

ఆ తర్వాత కొత్త పేరెంట్ ఎవరొచ్చినా మేఘనను చూపించి అదే మాట. "అప్పుడు చేసింది పిచ్చిపనేమో అని ఎన్నేళ్ళు బాధపడ్డానో. ఈ పిల్లను చూశాక కాదనిపించింది" అనేవారు.

మేఘన నా వైపు చూసేది. నేను చూపు తిప్పుకునేదాన్ని.

తప్పు తనే ఒప్పుకుని వచ్చేసిన పిల్లకు, తల్లిని నేను.

నిన్న మెల్‌బోర్న్‌కు ఫోన్ చేశాను. మేఘన అక్కడ యూనివర్సిటీలో ఉంది. విని ఏడ్చింది. చివరికి అడిగేశాను, "నేను ఆ రోజు ఏమీ చెప్పకపోయినా వచ్చేసేదానివా?"

ముక్కు చీదుకుంది.

"ఐ డోంట్ నో, మా. ఐ వాస్ థర్టీన్."

కోచ్ గారూ, ఇక ప్యాడ్లు విప్పేసి హాయిగా కూర్చోండి. ఎక్కడున్నా మీ మనసు నెమ్మదిగా ఉండాలి.

మీకు నిజం చెప్పి ఉండాల్సిందో, ఆ సంతోషాన్ని మీకలా ఉంచేయడమే మంచిదయిందో, నేనింకా తేల్చుకోలేదు.