బెల్లం కొట్టులో అమ్మ తూకం

నేను హన్మకొండలో ఇంటర్ పిల్లలకు ఇంగ్లిష్ చెబుతాను. గైడు చూసి దించేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. ఆ రోజు పాఠంలో 'వెయ్‌డ్ డౌన్' అనే మాట వచ్చింది. దిగులుతోనో బాధ్యతలతోనో మనిషి లోలోపల కుంగిపోవడమని అర్థం చెప్పి, సొంతంగా వాక్యాలు రాయమన్నాను. దిద్దబోతే అందరిదీ ఒకటే: అతను కష్టాలతో కుంగిపోయాడు. ఒక్కరూ 'నేను' అని మొదలుపెట్టలేదు. మీకు బరువులే లేవా, చెప్పుకోవడానికి నోరు లేదా అని గంటసేపు దంచాను.

ఆ సాయంత్రం అమ్మను బెల్లం కొట్టుకు తీసుకెళ్లాను. మేడారం జాతర వచ్చిన ప్రతిసారీ అమ్మ తన బరువెత్తు బెల్లం అక్కడి వనదేవతలైన తల్లులకు మొక్కుగా ఇస్తుంది. దాన్ని బెల్లం అనకూడదు, బంగారమనాలి. పోయిన జాతరకు అరవై రెండు కిలోలు తూగింది. తల్లులకు లాభమే అని నేను ఆటపట్టిస్తే నవ్వింది.

ఈసారి కాంటా ఎక్కమంటే కాళ్లనొప్పులంది. నేను ఊరుకుంటానా? మొక్కు దగ్గర వంకలేమిటని చెయ్యి పట్టి ఎక్కించాను. కొట్టాయన నలభై ఎనిమిది అన్నాడు.

కాంటా చెడిపోయిందన్నాను. ఆయన నన్నెక్కమన్నాడు. నా బరువు సరిగ్గానే చూపించింది. అప్పుడు చూశాను, అమ్మ జాకెట్టుకు పక్కల కొత్త కుట్లు వేసి బిగించుకుంది. రోజూ నేను ముందు తిని కాలేజీకి పోతాను. తను తర్వాత తింటానంటుంది. తింటుందో లేదో నేనెన్నడూ అడగలేదు.

ఎన్నాళ్ల నుంచి ఇట్లా అని అడిగాను. అమ్మ కొంగు సర్దుకుంది.

"దసరా కాడికెల్లి ముద్ద దిగుతలేదు బిడ్డా. చెప్తే నువ్వు ఫికర్ జేస్తవని ఊకున్న."

మా పెద్దమ్మ కూడా ఇదే మాట అంది. ఆరు నెలలు తిరగకుండానే పోయింది. ఆ సంగతి నాకూ తెలుసు, అమ్మకూ తెలుసు. ఇన్నాళ్లూ ఆ భయాన్ని అమ్మ ఒక్కతే మోస్తూ నాకు పొద్దున్నే డబ్బా కట్టింది. 'నేను' అని రాయరేమని పిల్లల మీద ఎగిరాను గానీ, ఎందుకు రాయరో అప్పుడర్థమైంది. రేపే దవాఖానకు పోదామన్నాను.

కొట్టాయన నలభై ఎనిమిది కిలోలకు దిమ్మలు తీస్తున్నాడు. అమ్మ ఆపింది.

"అరవై రెండే కట్టయ్యా. తల్లికి తక్కువియ్యద్దు." తర్వాత నావైపు తిరిగింది. "నేను మళ్ల గంత అయిత గద, బిడ్డా?"

ఆమె కళ్లలో భయం చూడటం నాకదే మొదటిసారి. జవాబు కోసం నా మొహంలోకే చూస్తోంది. నేను కొట్టాయన వైపు తిరిగి, అరవై రెండే కట్టమన్నాను.