గింజల డ్యూటీ

మా తోడికోడలికి బడి వంటగదిలో ఇరవై రెండేళ్ల సర్వీసు. అన్నేళ్లలో ఆమె నవ్వగా చూసినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వెనకాల అందరూ మేనేజరమ్మ అనేవాళ్లు. ఎదురుగా అనే దమ్ము హెడ్ మాస్టారికి కూడా లేదు. గరిటె ఏ మేకుకు తగిలించాలో, తుడుపుగుడ్డ ఎన్ని మడతలు పెట్టాలో, ఉడికిన గుడ్డు పెంకు ఏ వైపు నుంచి ఒలవాలో, అన్నిటికీ ఆమె దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఆ పద్ధతులన్నీ నా ప్రాణానికే చుట్టుకునేవి. ఇంట్లో ఆమె మా బావగారి భార్య, బడిలో నాకు పైఅధికారి. నేను తరగతి గదులు ఊడ్చి, మధ్యాహ్నం వడ్డనకు సాయం చేసే మనిషిని. పొద్దున ఇంట్లో తిట్లు తిని, బస్సెక్కి వెళ్లి బడిలో మళ్లీ తినేదాన్ని. ఆమె అంటే నాకు పడేది కాదని ముందే చెప్పేస్తున్నాను. ఇక్కడ నుంచి చెప్పబోయేది అభిమానం కొద్దీ చెబుతున్నానని ఎవరూ అనుకోకూడదు.

మా బడి రైలు షెడ్ల వెనక ఉంది. చుట్టుపక్కల ఇళ్లలో పెద్దవాళ్లు ఆరింటికల్లా ఫ్యాక్టరీకి వెళితే చీకటి పడే దాకా రారు. బడి ఉన్నన్నాళ్లూ పిల్లల మధ్యాహ్నం తిండి బడి చూసుకుంటుంది. సెలవులు ఇచ్చారంటే ఆ పూట ఎగిరిపోయినట్టే. రెండు నెలలు వాళ్లు ఏం తిన్నారని అడిగే నాథుడు ఉండడు. మళ్లీ బడి తెరిచేసరికి వాళ్ల చొక్కాలు వదులైపోయి కనిపిస్తాయి, అంతే.

పోయిన ఏడాది పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఎండాకాలం సెలవుల్లోనూ వంటగది తెరవాలి, పిల్లలు ఎవరొచ్చినా ఉచితంగా భోజనం పెట్టాలి. మంచి మాటే. ఆ ఉత్తర్వుతోపాటు గేటుకు కట్టమని ఒక బ్యానరు కూడా పంపారు. ‘పేద పిల్లలకు ఉచిత భోజనం’ అని ఎర్రటి అక్షరాలు, వీధి చివరి దాకా కనబడేంతవి.

మొదటిరోజు అరవై మందికి వండాం. నలుగురొచ్చారు. అందులో ముగ్గురికి ఇంకా చదవడం రాదు. మిగతా పిల్లలందరూ రోడ్డుకు అవతల బంతాట ఆడుతున్నట్టు నటిస్తూ, మా వంటగది కిటికీ వైపు చూస్తూ నిలబడ్డారు. నేను వెళ్లి పిలిస్తే, “మేం ఇంట్లో తిన్నామండీ” అన్నారు. ఎండకు వాళ్ల పెదాలు పగిలిపోయి ఉన్నాయి. నాలుగు రోజులు వరసగా బంగాళాదుంపల కూరా రొట్టెలూ చెత్తబుట్టలో పోశాం.

“ఆకలి లేదేమో అక్కా,” అన్నాను నేను.

“ఆకలి లేకపోవడమేంటే, నీకు బుర్ర లేదు గానీ,” అంది ఆమె. “ఆ అక్షరాల కింద నుంచి నడిచి రావాలి కదా.”

ఆ రోజు గిన్నెలు కడుగుతూ, నా వైపు తిరగకుండా, ఒక సంగతి చెప్పింది. చిన్నప్పుడు వాళ్ల వీధిలో ఒక పెద్దింటావిడ సెలవుల్లో పిల్లలకు తిండి పెట్టేదట. చుట్టాలొచ్చినప్పుడల్లా ఆ పిల్లలను మెట్ల మీద వరసగా నిలబెట్టి, “వీళ్లందరికీ మేమే పెడుతున్నాం” అని చూపించేదట. ఒకరోజు ఆ చుట్టాలతో ఈమె తరగతి పిల్ల కూడా వచ్చింది. అంతే, మర్నాటి నుంచి ఈమె ఆ ఇంటికి తిండికి వెళ్లడం మానేసిందట. “అప్పుడు నాకు తొమ్మిదేళ్లు,” అంది. ఇరవై ఏళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం, ఆ మాట అంతకుముందు ఎప్పుడూ చెప్పలేదు.

మర్నాడు పొద్దున, బ్యానరుకు దుమ్ము పట్టింది, ఉతకాలి అంటూ విప్పేసి లోపల పడేసింది. తర్వాత రోడ్డు దాటి, నడుం మీద చేతులు పెట్టుకుని, బంతాట పిల్లల మీద విరుచుకుపడింది.

“ఏమర్రా, పనీపాటా లేకుండా తిరుగుతున్నారా? అక్కడ వంటగదిలో మనుషులు చాలక నేను చస్తున్నాను. పనికొస్తారా? జీతం గీతం అడక్కండి, భోజనం మాత్రం పెడతాను.”

పిల్లలు మొహమొహాలు చూసుకున్నారు. చంకలో తమ్ముడిని ఎత్తుకున్న ఒక తొమ్మిదేళ్ల పిల్ల ముందుకొచ్చింది.

“ఏం పని?”

“వస్తే తెలుస్తుంది.”

“మా తమ్ముడికి కూడా పెట్టాలి. వాడు పని చేయలేడు, మూడేళ్లే.”

“ఎందుకు చేయలేడు? కూరలో ఉప్పు సరిపోయిందో లేదో చెప్పే మనిషి కావాలి నాకు. నోరుంది కదా వాడికి?”

ఆ పిల్ల కాసేపు ఆలోచించి, సరే అంది. అలా మొదలైంది.

వంటగదిలో పొయ్యి దగ్గరికీ కత్తిపీట దగ్గరికీ పిల్లలను రానిచ్చేది కాదు. మరి ఏం పని ఇస్తుంది? మా స్టోరులో ఎర్ర చిక్కుడు గింజలూ తెల్ల చిక్కుడు గింజలూ కలిసిపోయిన బస్తా ఒకటి ఉండేది. వాటిని పళ్లాల్లో పోసి, ఎర్రవి ఒకవైపూ తెల్లవి ఒకవైపూ ఏరమంది. అదే గింజల డ్యూటీ. గ్లాసులు వరసగా పెట్టడం గ్లాసుల డ్యూటీ. కిటికీ దగ్గర కూర్చుని పావురాలను తోలడం పావురాల డ్యూటీ. ఆ తొమ్మిదేళ్ల పిల్ల అందరి పళ్లాలూ చూసి బాగుందనో బాగోలేదనో చెప్పేది. దానికి సూపర్‌వైజర్ అని పేరు పెట్టాం. రెండు రోజుల్లో దాని నడకే మారిపోయింది. చేతులు వెనక్కి కట్టుకుని బెంచీల మధ్య తిరుగుతుంటే నాకు మా తోడికోడలు ఇద్దరైనట్టు అనిపించి గుండె జారిపోయేది.

మూడోరోజు సాయంత్రం, పిల్లలు వెళ్లిపోయాక, స్టోరులోకి వెళ్లి చూద్దును కదా, ఆమె ఏరిన గింజలన్నీ మళ్లీ బస్తాలో పోసి, మోచేతి దాకా చెయ్యి పెట్టి కలుపుతోంది.

“నీకేమైనా పిచ్చా అక్కా?”

“రేపు వాళ్లకి పని ఉండొద్దా?” అంది. “ఈ సంగతి నీ నోట్లోంచి బయటికొచ్చిందో, నీ నాలుక కోసి కూరలో వేస్తాను.”

మూడో వారానికల్లా యాభై మంది దాటారు. పనివాళ్లలా తినేవాళ్లు. కూర మాడిందని కసురుకునేవాళ్లు, రొట్టె ఇంకోటి వెయ్యమని దబాయించేవాళ్లు. ఒకడు తల గోక్కుంటూ వచ్చి, “రేపు మా మామయ్య వస్తున్నాడండీ, సెలవు కావాలి” అన్నాడు. మా తోడికోడలు మొహం గంటు పెట్టుకుని, “ఒక్కరోజే. మళ్లీ మళ్లీ అడిగితే ఉద్యోగం పోతుంది” అని లోపలికొచ్చి, తలుపు చాటున పొట్ట పట్టుకుని నవ్వింది. పిల్లల బుగ్గలు తేరుకోవడం నా కళ్లతో నేను చూశాను.

అయిదో వారంలో తనిఖీకి ఒక అధికారి వచ్చింది. చెడ్డ మనిషైతే నాకు ఇంత బాధ ఉండేది కాదు. మెత్తటి మనిషి, పిల్లలను చూడగానే వంగి మాట్లాడింది. ఆమె వచ్చేసరికి నలభై మంది పిల్లలు తలలు వంచుకుని, నోరు మెదపకుండా గింజలు ఏరుతున్నారు.

“ఇక్కడేం చేస్తున్నావమ్మా?” అని సూపర్‌వైజర్ని అడిగింది.

ఆ పిల్ల నిటారుగా నిలబడింది. “పని చేస్తున్నానండి. వీళ్లందరి మీదా నేనే సూపర్‌వైజర్.”

“పని చేయకపోతే భోజనం పెట్టరా?”

ఆ పిల్లకు రోషం వచ్చింది. “పని చేయకుండా ఊరికే ఎవరు తింటారండీ?” అంది, గొంతు పెంచి. చుట్టూ ఉన్న పిల్లలందరూ అవునని తలలూపారు.

అధికారి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నిజంగానే తిరిగాయి. లేచి మా తోడికోడలి వైపు తిరిగింది.

“మీరు చిన్నపిల్లలతో చాకిరీ చేయించుకుని తిండి పెడుతున్నారా?”

నలభై జతల కళ్లు మా వైపే చూస్తున్నాయి. ఒక్క ముక్క చెబితే సరిపోయేది. అది పని కాదమ్మా, ఉత్తుత్తి పని, కావాలంటే స్టోరులో బస్తా చూడండి అంటే ఆవిడ నవ్వి ఊరుకునేదేమో. నేను నోరు తెరిచాను. మా తోడికోడలు చెప్పుకాలితో నా పాదాన్ని నలిపేసింది.

“అవునండీ,” అంది. “మనుషులు చాలక పెట్టుకున్నాను. పని బాగా చేస్తారు.”

రెండు రోజుల్లో కాగితం వచ్చింది. బాలలతో పని చేయించినందుకు ఆమెను పనిలోంచి తీసేశారు. ఇరవై రెండేళ్ల సర్వీసు రెండు వాక్యాల్లో అయిపోయింది. ఇంట్లో నేను గొడవ పెట్టుకున్నాను.

“పిల్లల ముందు చెప్పలేదు సరే. ఆఫీసుకెళ్లి చెప్పొచ్చు కదా అక్కా!”

“చెబితే కాగితం మీద రాస్తారు. రాసింది నలుగురూ చదువుతారు. తిరిగి తిరిగి వాళ్ల చెవిలోనే పడుతుంది. వాళ్లు తింటున్నారు, అది చాలు. నువ్వు నడిపించు,” అంది. ఆమె నన్ను తిట్టకుండా ఒక పని అప్పజెప్పడం అదే మొదటిసారి.

ఏం నడిపిస్తాను? ఉతికిన బ్యానరు మళ్లీ గేటెక్కింది. పిల్లలు ఏ వస్తువూ ముట్టకూడదు, వచ్చి తిని వెళ్లాలి అని రూలు పెట్టారు. ఆ అధికారే స్వయంగా వచ్చి, పిల్లలను కూర్చోబెట్టి, ఎంతో ప్రేమగా చెప్పింది. “ఇకమీదట మీరు ఏ పనీ చేయక్కర్లేదు. మీలాంటి పేద పిల్లల కోసమే ఇదంతా ఊరికే పెడుతున్నాం.” చెబుతుండగానే వెనక బెంచీలోంచి ఇద్దరు లేచి వెళ్లిపోయారు. మర్నాటికి ఇరవై మంది మిగిలారు. ఆ మర్నాటికి ఎనిమిది మంది. సూపర్‌వైజర్ మాత్రం రోజూ వచ్చి తమ్ముడిని బెంచీ మీద కూర్చోబెట్టి, తను గుమ్మం దగ్గర నిలబడేది. తినమంటే, “ఆకలి లేదండీ. పెద్దమ్మ ఎప్పుడొస్తారు?” అని మా తోడికోడలి గురించి అడిగేది.

ఆ వారం చివర్లో అధికారి మళ్లీ వచ్చి, ఖాళీ బెంచీలు చూసి, “పిల్లలు ఏమయ్యారు? మీరు సరిగ్గా పిలవడం లేదా?” అని నన్నే నిలదీసింది. నా కడుపు మండిపోయింది. అన్నాళ్లూ అణిచిపెట్టుకున్నదంతా కక్కేశాను.

“అది పనే కాదమ్మా! గింజలు ఏరించి, సాయంత్రం మళ్లీ తనే కలిపేసేది! ఊరికే తింటున్నామని పిల్లలు సిగ్గుపడకూడదని ఆడిన నాటకం అదంతా! మీరొచ్చి నాశనం చేశారు!”

అధికారి మొహం పాలిపోయింది. “ముందే చెప్పాల్సింది కదా” అని గొణిగింది. హమ్మయ్య, ఇన్నాళ్లకు నా నోట ఒక మంచి మాట వచ్చిందనుకుని ఇటు తిరిగాను. గుమ్మంలో సూపర్‌వైజర్ నిలబడి ఉంది. ఆ పిల్ల అక్కడే ఉందన్న సంగతి కోపంలో మర్చిపోయాను. ఏడవలేదు. లోపలికి వచ్చి, సగం తిన్న తమ్ముడి మూతి చేత్తో తుడిచి, ఎత్తుకుని వెళ్లిపోయింది. వాడు పళ్లెం వైపు చేతులు చాచి ఏడుస్తూనే ఉన్నాడు.

అధికారి ఏం రాసిందో నాకు తెలియదు. వారం తిరగకుండా ఇంకో కాగితం వచ్చింది. ఇక్కడ పిల్లలు రావడం లేదు కాబట్టి అవసరం లేదని తేలింది, కేంద్రం మూసేయండి అని. వంటగదికి తాళం వేసి మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చాను. నేను నోరు జారిన సంగతి మా తోడికోడలికి ఇంకా చెప్పలేదు. చెప్పే ధైర్యం లేదు.

భోజనానికి కూర్చోబోతుంటే తలుపు చప్పుడైంది. సూపర్‌వైజర్, చంకలో తమ్ముడు. ఇల్లు ఎలా కనుక్కుందో. వాడు ఏడ్చి ఏడ్చి గొంతు పోయి ఉన్నాడు. మా తోడికోడలి మొహం అంత వెలిగిపోవడం నేను ఎన్నడూ చూడలేదు.

“రా రా, సరిగ్గా సమయానికి వచ్చావు!” అంది. “ఇంట్లో గిన్నెలన్నీ ఎక్కడివక్కడ పడి ఉన్నాయి. సర్దే మనిషి లేక చస్తున్నాను. ముందు తిని, తర్వాత పనిలోకి దిగు.”

ఆ పిల్ల లోపలికి రాలేదు.

“నిజం పనేనా పెద్దమ్మా? లేకపోతే గింజల్లాంటిదా?”

మా తోడికోడలు మెల్లగా నా వైపు తిరిగింది. నేను తల దించుకున్నాను. నా వంక చూస్తూనే అంతా అర్థం చేసుకుంది.

“నిజం పనేనమ్మా,” అంది. ఆ గొంతులో మేనేజరమ్మ లేదు. ఆ పిల్ల అరల మీదా బల్ల మీదా చూసింది. గిన్నెలన్నీ ఆమె పద్ధతి ప్రకారం, కడిగి, తుడిచి, బోర్లించి ఉన్నాయి.

“మా తమ్ముడికి పెట్టండి,” అంది. “వాడికి ఇంకా తెలియదు.” వాడిని గుమ్మం లోపల దించి, తను వెళ్లి బయట మెట్ల మీద, మాకు వీపు పెట్టి కూర్చుంది.

మా తోడికోడలు పళ్లెంలో వడ్డించుకుని ఆ పిల్ల వెనక వెళ్లి నిలబడింది. తిను తల్లీ అంది. బతిమాలింది. ఒట్టు పెట్టింది. ఆ మనిషి ఒకరిని బతిమాలడం నాకు తెలిసి అదే మొదలు. ఆ పిల్ల వెనక్కి తిరగలేదు. చివరికి ఆమె పళ్లెం పట్టుకుని లోపలికి వచ్చి, బల్ల మీద పెట్టింది.

“నిజం చెప్పి ఎవరి కడుపు నింపావే?” అని నన్ను అడిగింది. తిట్టలేదు, అడిగింది.

చిన్నవాడు కూర ఇంకాస్త కావాలన్నాడు. వెళ్లి వేశాను.