కళ్ళు మూసుకుంటే తోసే చెయ్యి

2022, చెరకు క్రషింగ్ రోజులు. చోడవరంలో ఒక మెడికల్ షాపు వెనక రెండు గదుల్లో నా ఫిజియోథెరపీ క్లినిక్ ఉండేది. గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి పోయే చెరకు ట్రాక్టర్లకి గోడలు సన్నగా అదిరేవి. నూకరత్నం, మోకాళ్ళ నొప్పి అని డాక్టరు రాసిన చీటీతో అప్పుడే వచ్చింది. వడ్డాది దగ్గర పల్లె. యాభై దాటిన మనిషి, ఎనిమిదేళ్ళుగా షుగరు. కొడుకు అప్పలరాజు బండి మీద తీసుకొచ్చేవాడు.

కాళ్ళు ఎడంగా వేసి, చూపు నేల మీంచి తియ్యకుండా నడిచేది. మోకాళ్ళ వల్లే అనుకుని రెండు వారాలు మోకాళ్ళకే వ్యాయామాలు చేయించాను. అది నా తప్పు.

మూడో వారం ఆవిడే అంది. "మోకాళ్ళు కాదు మేడమ్. నన్నెవరో తోస్తన్నారు."

"ఎప్పుడు?"

"కళ్ళు మూసినప్పుడల్లా. మొహం మీద నీళ్ళు పోసుకున్నా, దేముడికి దణ్ణం పెట్టుకున్నా. ఈపు మీద అరిచెయ్యి ఆనుద్ది. అయిదు వేళ్ళూ తెలుస్తాయి."

నవ్వుతానేమోనని అప్పలరాజు నా మొహం చూశాడు. "నేను గుమ్మంలో ఉండి సూసేనండి. ఎనకాల ఎవరూ లేరు. తోసేసినట్టే ముందుకి పడిపోనాది."

అప్పటి నుంచి ఆ ఇంట్లో స్నానాల గది తలుపు ఎవరూ వేసుకోవడం లేదట. కోడలు భయపడి చంటిపిల్లతో పుట్టింటికి వెళ్ళిపోయింది. వచ్చే మంగళవారం దెయ్యాలు వదిలించే ఆయన దగ్గరికి తీసుకెళ్తున్నారు. స్తంభానికి కట్టి బెత్తంతో కొడతాడట.

"ఎవరని మీ అనుమానం?" అన్నాను.

"అనుమానం ఏటండి? మా సెల్లి మంగ. పోయి అయిదేళ్ళయింది." భయం లేదు నూకరత్నం గొంతులో.

నిలబడే తీరు చూద్దామని లోపలి గదిలోకి తీసుకెళ్ళి నిలబెట్టాను. ఆ గదికి కిటికీ లేదు. మధ్యాహ్నం మూడింటికి కరెంటు పోయింది. పక్కనున్న మనిషి కూడా కనిపించని చీకటి. అందులోంచి నూకరత్నం మెల్లగా, ఇంటికొచ్చిన చుట్టాన్ని పలకరించినట్టు, "వచ్చినాది" అంది. ఆ వెంటనే పడిన చప్పుడు.

నేను రెండు అడుగుల దూరంలో ఉన్నాను. ఆవిడ వెనక గోడ తప్ప ఏమీ లేదు. నిజం చెప్పాలంటే, సెల్‌ఫోన్ లైటు ముందు ఆవిడ మీద కాదు, ఆ గోడ మీద వేశాను.

తరవాతే అప్పలరాజు సాయంతో ఆవిడని లేపాను. దెబ్బ తగల్లేదు. లైటు వెలుతురులో సరిగ్గానే నిలబడింది. ఫోను చేతులు మార్చుకుంటూ పొరపాటున లైటుకి అరచెయ్యి అడ్డం పెట్టాను. మనిషి తూలింది. చెయ్యి తీశాను, నిలబడింది. మళ్ళీ మూశాను, మళ్ళీ తూలింది.

కాలేజీలో నేర్చుకున్న రాంబర్గ్ టెస్ట్ అప్పుడు తట్టింది. పాదాలు దగ్గరగా పెట్టి, కళ్ళు మూయించి నిలబెట్టే పరీక్ష అది. మన పాదాలు ఎక్కడున్నాయో చూడకుండానే మనకి తెలుస్తుంది. దాన్ని ప్రొప్రియోసెప్షన్ అంటాం. ఆ కబురు మోసే నరాలు చెడితే మనిషి కళ్ళ సాయంతోనే నిలబడతాడు. కళ్ళు మూస్తే పడిపోతాడు.

కరెంటు వచ్చాక తట్టితే అదిరే ట్యూనింగ్ ఫోర్క్ మోగించి చీలమండ ఎముక మీద పెట్టాను.

"ఏం తెలుస్తోంది?"

"సల్లగా ఉంది."

"అదురుతోందా?"

"అదురేటండి?"

కళ్ళు మూయించి బొటనవేలు పట్టుకుని పైకెత్తాను. పైకా, కిందికా అని అడిగాను. "ఇంకా ముట్టుకోలేదు కదా మేడమ్?" అంది. వేలు నా చేతిలోనే ఉంది.

"ఏం తింటారు?" అని అడిగాను. రెండు వారాల ముందే అడగాల్సిన ప్రశ్న.

ఆవిడ జవాబు చెల్లెలి దగ్గర మొదలుపెట్టింది. మంగ గేదెలు పెట్టుకుని బతికేది. రోజూ అక్కకి పాలచెంబు పంపేది. పొలం గట్టు తగాదా వచ్చి, నూకరత్నం ఆ చెంబు తిప్పి పంపేసింది. రెండేళ్ళు మాటల్లేవు. ఒకరోజు మంగ ఫోన్ చేస్తే నూకరత్నం ఎత్తలేదు. చేపల కూరతో అన్నం తింటోంది. సాయంత్రానికి మంగ పోయిన కబురొచ్చింది.

"ఆ రోజు నుంచి నీసు ఒగ్గేసేను. దాని పాలు కాదన్నదాన్ని, ఇంకెవరి పాలు తాగుతాను? పెరుగు, మజ్జిగ అన్నీ ఒగ్గేసేను."

బి12 విటమిన్ మామూలుగా మనకి పాలు, గుడ్లు, చేపలు, మాంసం నుంచే అందుతుంది. షుగరుకి ఆవిడ ఏళ్ళ తరబడి వేసుకుంటున్న మెట్‌ఫార్మిన్, ఒంటికి పట్టే ఆ కాస్తనీ ఇంకా తగ్గిస్తుంది. బి12 బాగా పడిపోతే వెన్నుపాము దెబ్బతింటుంది.

అప్పలరాజుని బయటికి పిలిచాను. "దెయ్యమైతే ఇంజక్షన్లకి పోదు. పోయిందంటే దెయ్యం కాదు. మంగళవారం లోపల రక్తపరీక్ష చేయించు."

"మరి ఆయనకి మాటిచ్చీసేమండి."

"ఆయన ఎక్కడికీ పోడు. మీ అమ్మ కాళ్ళే పోతాయి."

సోమవారం అనకాపల్లిలో డాక్టరు గారికి చూపించారు. బి12 బాగా తక్కువగా ఉంది. ఇంకొన్ని నెలలు ఆగితే మంచం మీంచి లేచేది కాదన్నారాయన. మంగళవారం ప్రయాణం మానుకున్నారు. ఇంజక్షన్లు మొదలయ్యాయి. వారానికి మూడుసార్లు నా దగ్గరికి వచ్చేది. వేసవి నాటికి స్నానం ఒక్కతే చెయ్యగలిగింది. కోడలు పిల్లతో తిరిగొచ్చింది. కాలివేళ్ళ తిమ్మిరి మాత్రం పోలేదు.

తొలకరి రోజుల్లో మళ్ళీ రాంబర్గ్ చేశాను. కళ్ళు మూసి నిలబడింది. అర నిమిషం దాటింది. కాస్త ఊగింది తప్ప పడలేదు. సంతోషం పట్టలేక, "చాలమ్మా, కళ్ళు తెరవండి" అన్నాను.

తెరవలేదు. మూసిన రెప్పల కిందనుంచి నీళ్ళు కారుతున్నాయి.

"రాలేదేటండి?" అంది. "తోస్తే తోసింది. నా కాడికొస్తంది కదా అనుకునేదాన్ని. ఇంక రాదేటి?"

పక్కన కూర్చున్నాను. మంగ ఎలా ఉండేదో చెప్పమన్నాను. ఆ సాయంత్రం వ్యాయామాలు లేవు.

పడిపోవడానికి కారణం నాకు తెలుసు. అయిదు వేళ్ళ అరచెయ్యి ఎందుకు తెలిసిందో తెలియదు. ఒళ్ళు తూలుతుంటే మెదడు ఒక కారణం అల్లుకుని ఉంటుందని అనుకుంటాను. అది ఊహే, పరీక్షించి తేల్చింది కాదు.

ఇప్పుడు మోకాళ్ళ నొప్పి అని ఎవరొచ్చినా ముందు పాదాలు చూస్తాను. ఏం తింటారో, ఏం మానేశారో, ఎందుకు మానేశారో అడుగుతాను. జబ్బుకి కారణం దొరికితే నా పని అయిపోయినట్టే అని అంతవరకూ అనుకునేదాన్ని. కానీ ఆ తొలకరి రోజున, తోసే చెయ్యి ఇంక లేదని తేల్చి నేను నూకరత్నానికి చెప్పింది, ఆవిడ చెల్లెలు పోయిందన్న కబురు. ఆవిడ వినడం అది రెండోసారి.