పుస్తకంలోకి ఎక్కని మనవి

ఈ ఉదయం కూడా ఊపిరినిచ్చి లేపిన దేవునికి స్తోత్రం. నవ్వునూ కన్నీటినీ ఒకే ముఖంలో పెట్టినవాడు ఆయనే. ఆయన నామానికే మహిమ.

మొన్న గురువారం గుడివాడలో మా స్త్రీల కూడికకు కొత్తగా ఒక అమ్మాయి వచ్చింది. గుడ్లవల్లేరులో ఇంజనీరింగ్ చదువుతోంది. సాక్ష్యం చెప్పమంటే లేచి, "క్లాస్ ఫస్ట్ వచ్చానండీ. ఆడపిల్ల బుర్రకి ఇంత ఎలా పట్టిందో దేవుడికే తెలియాలి" అంది. అందరూ పకపకా నవ్వారు. నాకు మాత్రం మా అత్తయ్య గుర్తొచ్చి నవ్వు రాలేదు.

అత్తయ్య మా నాన్నగారి చెల్లెలు. దివిసీమలో పుట్టి, గుడివాడలో కాపురం పెట్టింది. కూడికలో ఆవిడ పక్కన కూర్చోవడానికి పోటీ పడేవాళ్లం. ఆవిడకు వచ్చినంత వాక్యం తనకు రాదని మా పాస్టరుగారే అనేవారు. అయినా స్త్రీల ఆదివారం నాడు ప్రసంగం చెయ్యమంటే రెండు చేతులూ జోడించేది. "మగాడికి బోలెడు మట్టి వాడాడు దేవుడు. మనదాకా వచ్చేసరికి ఒక్క ఎముక. దాంట్లో బుర్ర ఎక్కడ పడుతుందే?" అనేది. మేం కడుపు పట్టుకుని నవ్వేవాళ్లం. నేనైతే ఇంటికెళ్లి మా ఆయనకు కూడా చెప్పి నవ్వించేదాన్ని. అంత వాక్యం వచ్చిన నోటితో ఆవిడ తనను తాను ఎందుకు తీసిపారేసుకుంటోందని ఒక్కనాడూ అడగలేదు.

మా కూడికలో ఒక పద్ధతి ఉంది. చివర్లో ఒక్కొక్కరూ లేచి మనవి చెప్తారు, నేను పుస్తకంలో రాస్తాను. రాసినదానికి వారమంతా ప్రార్థన. జబ్బని రాస్తే, ఇద్దరు సిస్టర్లు దగ్గరుండి బందరు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

పదకొండేళ్ల క్రితం ఒక గురువారం అత్తయ్య లేచింది. "నాలుగు రోజుల్నుంచి దవడ లాగుతోందమ్మా. మెట్లెక్కితే ఆయాసం" అంది. అందరూ తననే చూస్తుంటే సిగ్గుపడ్డట్టుంది. "ఏముందిలే, నలభయ్యేళ్లు వాగిన ఆడదాని దవడ, అరిగిపోయుంటుంది. ఇది బాగవ్వాలని ప్రార్థన చేశారంటే మీ మావయ్య మిమ్మల్ని గుమ్మం తొక్కనివ్వడు!" అంటూ కూర్చుంది. అందరం గొల్లుమన్నాం. నవ్వి నవ్వి వచ్చిన కన్నీళ్లు తుడుచుకుంటూ నేను పెన్నుకి క్యాప్ పెట్టేశాను. ఆ పేజీలో చివరి మనవి ఒక సిస్టరుగారి గేదె సుఖంగా ఈనాలని.

శనివారం పొద్దున వంటింట్లో అత్తయ్య గుండె ఆగిపోయింది.

సమాధుల దగ్గర్నుంచి వచ్చాక మావయ్య నన్ను పక్కకు పిలిచారు. "ఆసుపత్రికి పదవే అంటే వినలేదమ్మా. దవడ నొప్పికి డాక్టరేంటి, నవ్వుతారంది. గురువారం కూడికలో చెప్తాను, మా అమ్మాయి పుస్తకంలో రాసుకుంటే అప్పుడు వెళ్తానంది. రాశావు కదా?" అన్నారు.

తల దించుకున్నాను. ఆయన మళ్లీ అడగలేదు. ఆ వారమే గేదె ఈనిందని కూడికలో స్తోత్రాలు చెప్పాం. నేనూ చెప్పాను.

ఇది చదివినవారు ఒక్క నిమిషం నాతో కలిసి కళ్లు మూసుకోండి. నవ్వుతూ చెప్పిన నొప్పిని ఆ రోజే వినే చెవి మనకిమ్మని ప్రభువును అడుగుదాం. ఆ చెవి నాకు రావడానికి రెండు రోజులు ఆలస్యమైంది; ఆ రెండు రోజులు పదకొండేళ్లుగా గడవడం లేదు.