అగరబత్తి పొగలో చల్లబడ్డ గాలి

నేను చేసిన తెలివితక్కువ పనులు చాలానే ఉన్నాయి గానీ, మండే పొయ్యి మీది గాలిని మంచుకన్నా చల్లగా చేసిన ఘనకార్యం ఒక్కటే. చదివి మీరు నన్ను క్షమించకపోయినా పరవాలేదు. మునస్వామి క్షమించాడు.

ఎనభైల్లో తిరుపతిలో ఫిజిక్సు రీసెర్చి చేసేవాణ్ణి. కరెంటు పొయ్యి మీద లేచే గాలిలోకి లేజరు కిరణం పంపితే, గాలి అణువులు ఆ వెలుగును కొద్దిగా చెదరగొడతాయి. గాలి వేడెక్కితే పలచబడుతుంది, చెదిరే వెలుగు తగ్గుతుంది. ఆ తగ్గుదలను బట్టి సాంద్రత ఎంతో, వేడి ఎంతో లెక్కగట్టాలి. థర్మామీటరు తాకించకుండానే వేడి తెలుస్తుందంటే నాకు నిద్ర పట్టేది కాదు.

ఆ రోజు బెంగుళూరు ప్రొఫెసరు చూడవస్తున్నారు. ఆయన సరేనంటే రీసెర్చి సాగుతుంది, లేదంటే నేను మా ఊరు ఐరాలకు పోయి చెరకుతోటకు నీళ్లు కట్టుకోవాలి. అందుకే, మా ఇంటి అలవాటు ప్రకారం లేజరుకు బొట్టు పెట్టి, పొయ్యి వెనకాల రెండు అగరబత్తులు దాచి వెలిగించాను. ఎప్పుడూ కంటికి ఆనని కిరణం పచ్చటి గరికపోచలా నిగనిగలాడింది. స్వామి కరుణించాడనుకున్నాను.

ప్రొఫెసరు వచ్చి నా లెక్క చూశారు. "పొయ్యి మీద గాలి సున్నాకు ముప్పై డిగ్రీలు దిగువనా?"

"అటెండరు లేజరు ముందున్న అద్దాలు తుడవలేదు సార్," అన్నాను.

మా నాయన వయసున్న అటెండరు మునస్వామి నావైపు చూశాడు. "పొద్దన్నే తుడిసినాను కదా సామీ. దుమ్ము యాడుండాదో సూపించు." అయినా మళ్లీ తుడిచాడు. నేను ఆయన వెనక చేరి ఇంకో నాలుగు బత్తులు వెలిగించాను.

ఈసారి తొంభై దిగువ.

"ఇంకా చల్లబడుతోందే," అన్నారు ప్రొఫెసరు, వింత పురుగును చూసినట్టు వంగి. "ఎందుకంటావు?"

"సరిగా తుడవలేదు సార్."

మునస్వామి తన కాఫీ చెంబు తెచ్చి ఆ పొయ్యి మీద పెట్టాడు. కాసేపటికి కాఫీ పొంగింది. "సల్లగుండాదంట సార్, తాగండి," అని వంగి, వాసన పట్టి, బత్తులు బయటికి లాగాడు. "ఇంకో కట్ట ఎలిగించింటే ఈ సామి గాలిని గడ్డ కట్టించేవాడు."

ప్రొఫెసరు నవ్వి నవ్వి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "వెలుగు చెదరగొట్టింది పొగ. నువ్వు గాలి చిక్కబడిందనుకున్నావు. చిక్కబడితే చల్లబడినట్టేగా!"

కిటికీలు తెరిచి గంట ఆగి కొలిస్తే లెక్క సరిగ్గా కుదిరింది. రీసెర్చి నిలిచింది, నా పరువే నిలవలేదు. సాయంత్రం మునస్వామి దగ్గరికి పోయి తప్పయిందన్నాను.

"దేవుడికి ఎన్ని దండాలైనా పెట్టుకో సామీ. తప్పు మాత్రం నా మీద పెట్టబాక."

ఆనాడే, వెలిగించని అగరబత్తి మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను: నా తప్పును ఇంకొకరి తుడుపుగుడ్డకు అంటించను. ప్రార్థన మానలేదు. వరండాలోకి పోయి, గాలి ఎటు వీస్తోందో చూసుకుని మరీ చేస్తాను.